జాఫ్రా గింజలు, జాఫ్రా పొడి: మూడు నెలలు అద్దకానికి వాడి చూసిన మీదట

సహజమైన రంగులతో నూలుకూ పట్టుకూ అద్దకం వేసుకునేవారికి ఎరుపు కావాలంటే మంజిష్ఠ ఉంది, నలుపు కావాలంటే కరక్కాయతో అన్నభేది అనే ఇనుప లవణం కలుపుకోవచ్చు, నీలానికి నీలిమందు ఉండనే ఉంది. కనకాంబరం పువ్వు రంగు మాత్రం అంత సులభంగా చేతికి చిక్కదు. ముందు పసుపు రంగు వేసి దాని మీద పలచగా మంజిష్ఠ వేసి తెచ్చుకోవచ్చు గాని, అందుకు రెండు తొట్లు పెట్టాలి, రెండు రోజులు పడుతుంది, పైగా ప్రతిసారీ ఒకే ఛాయ వస్తుందన్న నమ్మకం లేదు. ఆ రంగును ఒక్క ముంపులో ఇచ్చే చెట్టు జాఫ్రా. అందుకే ఒకే అమ్మకందారు దగ్గర అరకిలో జాఫ్రా గింజల సంచీ ఒకటి, జాఫ్రా పొడి డబ్బా ఒకటి తెప్పించుకుని, మూడు నెలల పాటు నూలు మీద, పట్టు మీద, ఉన్ని మీద వాడి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గింజలు కొనదగినవి, పొడి కొనదగినది కాదు. రెండింటి మీదా అచ్చు వేసిన ‘శాశ్వతమైన రంగు’ అనే మాట నిజం కాదు.

జాఫ్రా పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి పెట్టిన బిక్సా ఒరెల్లానా అనే శాస్త్రీయ నామంలో, 1541–42లో అమెజాన్ నది వెంట సముద్రం దాకా ప్రయాణించిన స్పెయిన్ దేశస్థుడు ఫ్రాన్సిస్కో దె ఒరెల్లానా పేరు ఉంది. మెక్సికోలో దీన్ని అచియోతే అంటారు, బ్రెజిల్‌లో ఉరుకుం అంటారు. ఈక్వడార్‌లోని త్సాచిలా తెగ పురుషులు ఈ గింజల ముద్దను జుట్టుకు దట్టంగా పట్టించి, తల మీద ఎర్రటి టోపీ పెట్టుకున్నట్టుగా తీర్చుకుంటారు. ఆ రంగును చూసే స్పానిష్ మాట్లాడేవారు వారిని ‘కొలొరాదోస్’ అని, అంటే ‘ఎర్రవాళ్లు’ అని, పిలిచారు. చెట్టు పెద్దదేమీ కాదు, మనిషికి రెండు మూడింతల ఎత్తుకు మించి పెరగడం అరుదు. ఆకులు గుండె ఆకారంలో ఉంటాయి, పూలు లేత గులాబీ రంగులో గాని తెల్లగా గాని పూస్తాయి, కాయల నిండా మెత్తటి ముళ్లుంటాయి. కాయ ఎండి రెండు చెక్కలుగా విచ్చుకున్నప్పుడు లోపల పదుల కొద్దీ గింజలు ఎర్రగా కనిపిస్తాయి.

నాకు వచ్చిన సంచీలోని గింజలు నిండైన ఇటుక రంగులో ఉన్నాయి. నిలవ ఉండి పాతబడిన జాఫ్రా మట్టి రంగుకు తిరుగుతుంది గనుక, సంచీ విప్పగానే మొదట చూసుకోవలసింది ఈ రంగునే. ఒక గింజను వేళ్ల మధ్య పెట్టి నలిపితే మైనంలాంటి పూత వేలికి అంటుకుంది. దాన్ని నీళ్లతో ఎంత కడిగినా పోలేదు, రెండు చుక్కల నూనె రాసి తుడవగానే గుడ్డకు దిగిపోయింది. ఈ చిన్న పరీక్షలోనే ఈ రంగు స్వభావమంతా బయటపడుతుంది. మరో గింజను బ్లేడుతో నిలువునా కోసి చూస్తే లోపల తెల్లగా ఉంది. రంగంతా పైనున్న ఆ పలచని పొరలోనే ఉంటుంది గనుక గింజను దంచవలసిన పని లేదు. దంచితే లోపలి పిండి పదార్థం తొట్టిలోకి దిగి నీళ్లు మురికిగా తయారవుతాయి. అరకిలో గింజలు చేటలో పోసి చెరిగితే కాయ పెచ్చులు, తొడిమ ముక్కలు కలిపి పదిహేను గ్రాముల దాకా వచ్చాయి. చెట్టు నుంచి వచ్చిన సరుకులో ఆ మాత్రం ఉండడం సహజమే గనుక దాన్ని లోపంగా లెక్కపెట్టలేదు.

ఈ అమ్మకందారును ఒక విషయంలో మెచ్చుకోవాలి. గింజల సంచీ మీద చెట్టు శాస్త్రీయ నామం స్పష్టంగా ముద్రించారు. ఇది చిన్న సంగతి కాదు. సింధూరి అనే పేరు జాఫ్రాకూ ఉంది, మల్లోటస్ ఫిలిప్పెన్సిస్ అనే వేరే చెట్టుకూ ఉంది. ఈ రెండో చెట్టును మనం కుంకుమ చెట్టు అంటాం, దాని కాయల మీద ఎర్రగా ఉండే సన్నటి గ్రంథులను దులిపి పొడి తీస్తారు. అది కూడా అద్దకపు రంగే, అది కూడా పట్టు మీద నారింజ ఛాయ ఇస్తుంది, కాని అందులోని రంగు పదార్థం వేరు, కొలతలు వేరు. ‘సింధూరి పొడి’ అని మాత్రమే రాసి ఉన్న పొట్లం కొంటే లోపల ఏ చెట్టు ఉందో కొన్నవారికి తెలిసే దారి లేదు. గింజలను కళ్లతో చూసి గుర్తుపట్టవచ్చు, పొడిని అలా గుర్తుపట్టలేం. జాఫ్రా అన్న పేరు వినగానే కుంకుమపువ్వుకున్న జాఫ్రాన్ అనే పేరు గుర్తుకొస్తుంది. చెట్లుగా ఈ రెండింటికీ చుట్టరికం లేకపోయినా రంగు పదార్థాలుగా చూస్తే రెండూ పసుపు, ఎరుపు ఛాయలిచ్చే కెరటినాయిడ్ల కుటుంబం నుంచి వచ్చినవే.

ఇక సంచీ వెనక ఉన్న సూచనల సంగతి. ‘గింజలను గంటసేపు నీటిలో మరిగించి, వడకట్టి, గుడ్డను ముంచండి’ అని రాశారు. అక్షరాలా అలాగే చేశాను. రెండు లీటర్ల నీటిలో యాభై గ్రాముల గింజలు వేసి గంట మరిగించాక నీళ్లు పసుపుపచ్చగా, కొంచెం మబ్బుగా మారాయి, గింజలు మాత్రం వేసినప్పటి ఎరుపులోనే ఉండిపోయాయి. అందులో ముంచిన నూలు ఎండుగడ్డి రంగులో బయటికి వచ్చింది. కారణం ఆ నూనె పరీక్షలో కనిపించినదే. గింజ పైపొరలో ఉన్న రంగు పదార్థాల్లో దాదాపు 80 శాతం బిక్సిన్. అది నూనెలో కరుగుతుంది గాని నీటిలో కరగదు. దాన్ని నీటిలోకి దించాలంటే క్షారం కావాలి. క్షారం తగిలినప్పుడు బిక్సిన్ నార్‌బిక్సిన్‌గా మారి, ఆ రూపంలో నీటిలో కలుస్తుంది. అదే గిన్నెలో పది గ్రాముల వాషింగ్ సోడా వేసి కలిపాను. గింజల చుట్టూ ముందు ఎర్రటి మేఘంలా కమ్ముకుని, రెండు మూడు నిమిషాల్లో గిన్నెలోని నీళ్లన్నీ ముదురు నారింజకు తిరిగాయి. గంటసేపు మరిగించినా రానిది చెంచాడు సోడాతో వచ్చింది. ఆ ఒక్క మాట సంచీ మీద లేకపోవడం వల్ల ఎంతమంది ఈ గింజలు పనికిరానివని పక్కన పెట్టేసి ఉంటారో అనిపించి నాకు నిజంగా బాధ కలిగింది.

ఆ తరువాత సంచీ మీది సూచనలను పక్కన పెట్టి నా పద్ధతిలో చేశాను. వంద గ్రాముల నూలును గంజి పూర్తిగా పోయేలా సబ్బు, సోడా వేసిన నీళ్లలో గంటసేపు ఉడికించి, బాగా జాడించి పెట్టుకున్నాను. యాభై గ్రాముల గింజలను పలచని గుడ్డలో మూటకట్టి, పది గ్రాముల సోడా కరిగించిన నీటిలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున ఆ నీళ్లను మరుగు రాకుండా అరగంట కాచి, మూటను పిండి తీసేసి, తడి నూలును అందులో వేసి ముప్పావు గంట తిప్పుతూ ఉంచాను, ఆపైన చల్లారేదాకా అందులోనే వదిలేశాను. తీసి జాడించినప్పుడు నూలు పండిన మామిడిపండు రంగులో ఉంది. అసలు చూడవలసింది దీని తరువాతి మెట్టు. చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించిన చల్లటి నీళ్లలో ఆ నూలు చిలపను, అంటే పోగుల చుట్టను, ముంచగానే, నీళ్లు తగిలిన మేరకు పసుపు తగ్గి ఎరుపు పైకి తేలుతూ వచ్చింది, సగం ముంచిన చిలపలో పైసగం మామిడిపండు రంగులో, కిందిసగం అచ్చమైన కనకాంబరం రంగులో కనిపించాయి. క్షారంలో కరిగిన రంగు పులుపు తగలగానే పోగులోనే తిరిగి కరగని రూపానికి వచ్చేస్తుంది గనుక ఈ ముంపు ఛాయను మార్చడంతో పాటు రంగు పోగును పట్టుకుని ఉండడానికీ సాయపడుతుంది. దీన్ని మానేసిన చిలప మొదటి ఉతుకులోనే చాలా రంగు వదిలింది.

ఒకసారి వాడిన తొట్టిలో రెండో చిలప వేస్తే లేత ఛాయ వచ్చింది, మూడోది గంధం రంగుకు దిగింది. మూటలోని గింజలను మళ్లీ కొత్త సోడా నీటిలో నానబెడితే ఇంకో లేత అద్దకానికి సరిపడా రంగు దిగింది కూడా. అరకిలో సంచీలో కిలో నూలు నిండైన రంగుకూ, మరో కిలోకు పైగా లేత రంగులకూ వస్తుందని నా లెక్క.

పట్టు విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. పట్టుకూ ఉన్నికీ క్షారం పడదు. సంచీ మీద సోడా ప్రస్తావనే లేదు గనుక ఈ హెచ్చరిక కూడా లేదు. నూలు కోసం చేసిన తొట్టిలోనే మొదటిసారి ఒక చిన్న ఉన్ని చిలప వేశాను, అది ఆరాక ముట్టుకుంటే గరుకుగా, పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయి, అల్లడానికి పనికిరాకుండా పోయింది. రెండోసారి గింజలను సోడా నీటిలో విడిగా నానబెట్టి, ఆ చిక్కటి రసాన్ని వడకట్టి, నాలుగింతల నీళ్లతో పలచన చేసి, చెయ్యి పెట్టగలిగినంత వేడిలోనే పట్టునూ ఉన్నినీ ఉంచాను. ఈసారి రెండూ బాగున్నాయి. పట్టు మీద వచ్చిన రంగును ఎంత మెచ్చుకున్నా తక్కువే. నూలు మీద ఒకే తీరుగా కనిపించిన రంగు పట్టు మీద మడత మడతకూ మారుతూ, వెలుగు పడినచోట బంగారంలా, నీడ పడినచోట ఎర్రగా కనిపించింది. మాంసకృత్తులను పట్టుకునే గుణం నార్‌బిక్సిన్‌కు ఉంది. చీజ్‌కు నారింజ రంగు పట్టించడానికి దాన్ని వాడేది ఈ గుణం వల్లనే, పట్టూ ఉన్నీ మాంసకృత్తులే. అసలు జాఫ్రాకు ప్రపంచంలో పెద్ద గిరాకీ అద్దకం నుంచి కాక తిండి రంగు నుంచే ఉంది. వెన్న, చీజ్ లాంటి వాటి పొట్లాల మీద ఇ160బి అనే తిండి రంగు సంకేతంతో కనిపించేది ఇదే.

రంగు పోగును పట్టుకోవడానికి అద్దకానికి ముందు పట్టించే పటిక గురించి చాలామంది అడుగుతారు గనుక చెబుతున్నాను. ఒక చిలపకు ముందుగా పటిక పట్టించి, ఇంకొకదానికి పట్టించకుండా, రెండింటినీ ఒకే తొట్టిలో వేసి చూశాను. పటిక పట్టించినది కొంచెం పసుపు వైపు మొగ్గింది, అంతకు మించి తేడా లేదు. జాఫ్రా నూలుకు నేరుగా పడుతుంది. అన్నభేది నీళ్లలో ముంచితే ఇటుక గోధుమ రంగు వచ్చింది, అది కావాలనుకునేవారు వాడుకోవచ్చు, నాకు ఆ నారింజను చంపుకోవాలనిపించలేదు.

పొడి డబ్బా దగ్గరికి వస్తే చెప్పవలసింది తక్కువ, ఫిర్యాదు ఎక్కువ. డబ్బా మీద ‘సహజ జాఫ్రా పొడి’, ‘శాశ్వతమైన రంగు’ అన్న మాటలు తప్ప ఇంకేమీ రాయలేదు. చిటికెడు పొడిని చల్లటి నీటిలో వేస్తే నీళ్లకు రంగు రాలేదు. ఇది మంచి గుర్తే. చల్లటి నీళ్లు వెంటనే ఎర్రగా మారితే అందులో కృత్రిమ రంగు కలిసిందని అనుమానించాలి, క్షారంతో తయారుచేసిన నార్‌బిక్సిన్ పొడి అయితేనే నీటిలో అలా కరుగుతుంది, అప్పుడు ఆ మాట డబ్బా మీద రాసి ఉండాలి. తరువాత గోరువెచ్చటి నూనెలో వేసి చూశాను. నూనె చక్కటి నారింజకు తిరిగింది గాని గిన్నె అడుగున తెల్లటి మడ్డి పేరుకుంది. అదే పొడిని నీళ్లలో కాస్తే గంజిలా చిక్కబడింది. పొడిలో ఏదో పిండి కలిపారని దీనితో తేలిపోయింది. తిండికి వాడే జాఫ్రా పొడిలో పిండి కలపడం కొన్నిచోట్ల మామూలే గాని, కలిపినట్టు రాయాలి, పైగా అద్దకం కోసమని అమ్మేటప్పుడు అసలు కలపకూడదు. ఈ పిండి వేడి తొట్టిలో ఉడికి పోగులకు పట్టుకుని, అక్కడ రంగు దిగనివ్వలేదు, ఆరాక చిలప నిండా మచ్చలు మచ్చలుగా కనిపించింది. గింజలతో వచ్చిన ఛాయ తెచ్చుకోవడానికి మూడింతల బరువు పొడి వేయవలసి వచ్చింది. డబ్బాలో సగానికి పైగా అలాగే ఉంది, ఇక దాన్ని అద్దకానికి వాడను.

ఇప్పుడు ‘శాశ్వతమైన రంగు’ అన్న మాట దగ్గరికి వద్దాం. గింజలతో అద్దిన నూలు, పట్టు, ఉన్ని నుంచి ఒక్కొక్క పీలిక తీసి, పోల్చడానికి పటిక మీద మంజిష్ఠ వేసిన నూలు పీలికను కూడా తీసుకుని, నాలుగింటినీ ఒక అట్టకు అంటించి, ఒక్కొక్క దానిలో సగభాగాన్ని మందపాటి కాగితంతో కప్పి, మధ్యాహ్నపు ఎండ పడే కిటికీ అద్దానికి లోపలి వైపు అతికించాను. ఏడో రోజున కాగితం అంచు లేపి చూస్తే నూలు పీలిక మీద గీత గీసినట్టు తేడా తెలుస్తోంది. నాలుగో వారం ముగిసేసరికి నూలులో ఎండ తగిలిన సగం లేత గంధం రంగుకు వెలిసిపోయింది, పట్టులో రంగు సగానికి తగ్గింది, ఉన్ని కొంత మెరుగుగా నిలిచింది. మంజిష్ఠ పీలికలో కంటికి కనిపించే తేడా లేదు. జాఫ్రా రంగుకు మూలం బిక్సిన్ అణువులోని పొడవాటి ద్విబంధాల గొలుసు. వెలుతురూ గాలీ కలిసి ఆ గొలుసును తెంచుతాయి, గొలుసు తెగితే రంగు పోతుంది. పటిక వేసిన చిలప నుంచి తీసిన పీలికను కూడా తరువాత ఇలాగే ఎండలో పెట్టాను, అదీ అంతే వేగంగా వెలిసింది. అద్దకందారు నేర్పుతో సరిచేయగల లోపం కాదిది.

ఉతుకులకు మాత్రం నేను అనుకున్నదానికంటే బాగా తట్టుకుంది. ఘాటు లేని సబ్బుతో, చల్లటి నీళ్లలో, నీడలో ఆరేస్తూ పదిసార్లు ఉతికిన నూలు చేతిగుడ్డకూ, ఉతకకుండా దాచిన గుడ్డకూ కొద్దిపాటి తేడాయే కనిపించింది. సోడా కలిసిన బట్టల పొడితో ఒక్కసారి ఉతికితే నీళ్లు నారింజగా మారాయి. క్షారంతో లోపలికి దిగిన రంగు క్షారంతోనే బయటికి వస్తుంది. ఎండ తగలకుండా అలమరలో మడిచి పెట్టిన పట్టు గుడ్డ మూడు నెలల తరువాత తీసినా అద్దిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

రంగు వెలిసే గుణాన్ని దాచి అమ్మడం ఈనాటి సంగతి కాదు. మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం నుంచి యూరప్‌కు వెళ్లిన లాగ్‌వుడ్ అనే మరో ఉష్ణమండలపు రంగు చెక్కను, దాని రంగు నిలవడం లేదన్న కారణంగా, ఇంగ్లండ్ 1581లో చట్టం చేసి నిషేధించింది, 1662లో గాని ఆ నిషేధం తొలగలేదు. తరువాతి కాలంలో అదే చెక్క మంచి నలుపు రంగుగా పేరు తెచ్చుకుంది. చెట్టులో మార్పేమీ రాలేదు, ఏ లవణంతో కలిపి, దేనికి వాడాలో మనుషులకు తెలిసింది. జాఫ్రాకూ తగిన చోటు ఉంది. పండుగనాడో పెళ్లినాడో కట్టుకుని మళ్లీ మడతపెట్టే పట్టుకు, లోపలి అస్తరుకు, అరుదుగా తీసే శాలువాకు ఇంతకంటే అందమైన నారింజ నాకు ఏ చెట్టు నుంచీ దొరకలేదు. కిటికీ తెరలకు, దిండు గలీబులకు, రోజూ ఎండలో తిరిగేవారి చొక్కాలకు దీన్ని వాడకూడదు. సంచీ మీద ‘శాశ్వతమైన రంగు’ అన్న చోట ‘ఎండకు వెలుస్తుంది, నీడలో నిలుస్తుంది’ అని వేస్తే కొన్నవారు దేనికి వాడాలో వారే తేల్చుకుంటారు.

ప్యాకింగ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. వెలుతురుకు పాడయ్యే సరుకును పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీలో పంపారు. వచ్చిన రోజే గింజలను గట్టి మూత ఉన్న డబ్బాలోకి మార్చి, చీకటి అలమరలో పెట్టాను. సంచీలోనే వదిలి కిటికీ దగ్గర ఉంచిన గుప్పెడు గింజలు నెల తిరిగేసరికి వెలుతురు తగిలిన వైపు మట్టి రంగుకు తిరిగాయి. అద్దకం రోజున పాత బట్టలు కట్టుకోవాలి, తొట్టిగా స్టీలు గిన్నె వాడాలి, ప్లాస్టిక్ గరిటెకు పట్టిన రంగు ఇప్పటికీ పోలేదు. సోడా నీళ్లలో పని గనుక చేతులకు తొడుగులు తప్పనిసరి.

గింజల కోసం ఇదే అమ్మకందారు దగ్గర రెండోసారి కూడా ఆర్డరు పెట్టాను, ఈసారి కిలో. ఆర్డరుతో పాటు సోడా గురించి, పట్టుకు పడే వేడి గురించి, ఎండ గురించి వివరంగా రాసి, సగం వెలిసిన నూలు పీలిక ఫోటోను జతచేసి పంపాను. జవాబు ఇంకా రాలేదు. ఆ పీలికను తేదీలు వేసి నా అద్దకాల నోటు పుస్తకంలో అంటించుకున్నాను, దాని పక్కనే అలమరలో ఉంచిన పట్టు నుంచి తీసిన పోగు ఉంది.